ఆగి ఉందా, కదులుతోందా: పార్కింగ్‌లో రివర్స్ ప్రమాదం జరిగితే తప్పు, బీమా బాధ్యత తేలే తీరు

పార్కింగ్ స్థలంలో ఒక కారు తన స్లాట్‌లోంచి వెనక్కి వస్తుంది. అదే సమయంలో ఆ వరుస వెనుక దారిలో ఇంకో కారు వెళ్తూ ఉంటుంది. నడక కన్నా కాస్త ఎక్కువ వేగంలో రెండూ తగులుకుంటాయి. ఒకదాని బంపర్ మూల పగులుతుంది, మరొకదాని తలుపు సొట్టపోతుంది, మనుషులకు మాత్రం ఏమీ కాదు. దిగి వచ్చిన ఇద్దరు డ్రైవర్ల నోటా ఎక్కువసార్లు వినిపించేవి రెండే మాటలు. వెనక్కి వచ్చినవారు ‘నేను అప్పటికే ఆగిపోయాను, మీరే వచ్చి తగిలారు’ అంటారు. దారిలో వెళ్తున్నవారు ‘చూసుకోకుండా నా మీదికి వచ్చేశారు’ అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడుతున్నామని అనుకోరు.

ఈ రెండింటిలో ఏ మాట నిలబడుతుందన్న దాన్ని బట్టే మరమ్మతు ఖర్చు ఏ బీమా సంస్థ భరించాలో, వచ్చే ఏడాది ఎవరి ప్రీమియం పెరుగుతుందో తేలుతుంది. అయినా చాలామంది ఈ వ్యవహారాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు: రివర్స్‌లో ఉన్నదెవరో వారిదే తప్పు. ఆ మాటలో నిజం ఉంది, కానీ అది విచారణకు మొదలు మాత్రమే. ఇలాంటి ప్రమాదాల్లో అన్నిటికన్నా బరువైన ప్రశ్న వేరే ఉంది. తగిలిన క్షణంలో ఏ కారు కదులుతోంది, ఏది ఆగి ఉంది, ఆగినది ఎంతసేపటి ముందు ఆగింది?

ముందుగా, రివర్స్‌లో ఉన్నవారి మీద భారం ఎందుకు పడుతుందో చూడాలి. రోడ్డు రవాణాపై 1968లో కుదిరిన వియన్నా ఒప్పందం 14వ అధికరణంలోనే, వాహనాన్ని వెనక్కి నడపదలచిన డ్రైవరు ఇతరులకు ప్రమాదం గానీ ఆటంకం గానీ కలగదని ముందే నిర్ధారించుకోవాలన్న నియమం ఉంది. బ్రిటన్ హైవే కోడ్ 202వ నియమం అన్ని అద్దాలూ చూసుకోవాలనీ, అద్దాలకు అందని చోటును మెడ తిప్పి చూడాలనీ, వెనుక నడిచేవారు, ముఖ్యంగా పిల్లలు, లేరని గమనించుకోవాలనీ చెబుతుంది. జర్మనీ చట్టం ఇంకాస్త కఠినం: వెనక్కి నడిపేవారు ఇతరులకు ప్రమాదం కలిగే అవకాశమే లేకుండా చూసుకోవాలి, అవసరమైతే ఎవరినైనా దింపి వారి సైగల మీద నడపాలి. వీటన్నిటి వెనుక ఉన్న తర్కం ఒక్కటే. అసాధారణమైన కదలికను ఎంచుకున్నవారు, చూపు తక్కువగా ఆనే దిశలో వెళ్తున్నవారు, ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలి. అందువల్ల ఇతర సాక్ష్యమేదీ లేనప్పుడు బీమా సంస్థలు రివర్స్‌లో ఉన్న కారుదే తప్పన్న వైపు మొగ్గుతాయి.

అయితే ఈ మొగ్గు ఒక ఊహ మాత్రమే. సాక్ష్యంతో దాన్ని పడగొట్టవచ్చు. ఎలా పడగొట్టవచ్చో తెలియాలంటే స్లాట్‌లోంచి వెనక్కి వచ్చే ఆ రెండు మూడు క్షణాలను దగ్గరగా చూడాలి.

మధ్యరకం కారులో డ్రైవరు కన్ను వెనుక బంపర్‌కు సుమారు రెండు, రెండున్నర మీటర్ల ముందు ఉంటుంది. పక్క స్లాట్‌లో ఎత్తయిన వ్యాన్ లాంటిది నిలిపి ఉంటే, ఆ వ్యాన్ వెనుక అంచు దాటి దారిని చూడాలంటే డ్రైవరు కన్ను ఆ అంచు దాకా రావాలి. అంటే తాను దారిని చూడగలిగే సరికే కారు వెనుక భాగం రెండు మీటర్లకు పైగా దారిలోకి వచ్చేసి ఉంటుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ఆ దూరం రావడానికి ఒకటిన్నర నుంచి రెండు సెకన్లు పడుతుంది. అంతసేపూ డ్రైవరు దాదాపు గుడ్డిగానే వస్తున్నట్టు లెక్క. జాగ్రత్తపరుడైనా, అజాగ్రత్తపరుడైనా ఈ కొలత మారదు. తేడా వచ్చేది ఆ రెండు మీటర్లను ఒక్క ఊపున వచ్చారా, అడుగు అడుగుకూ ఆగుతూ వచ్చారా అన్న దగ్గర.

ఇక దారిలో వస్తున్న కారును చూద్దాం. గంటకు 20 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 5.6 మీటర్లు. వెనక్కి వస్తున్న బంపర్ కంటపడి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటింపావు సెకను పట్టిందనుకుంటే, ఆ లోపే కారు ఏడు మీటర్లు నడిచిపోతుంది. ఆ తరువాత గట్టిగా బ్రేకు వేసినా ఇంకో రెండు మీటర్లకు పైగా వెళ్తుంది. మొత్తం తొమ్మిది మీటర్లు. అదే కారు 10 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే నాలుగు మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది. వేగం సగమైతే ఆగే దూరం సగం కన్నా తక్కువకు పడిపోతోంది. అందుకే పార్కింగ్ దారిలో 20 కిలోమీటర్ల వేగం మామూలు రోడ్డు మీద లెక్కలోకి రాకపోయినా, ఇక్కడ అది దారిలో వెళ్తున్నవారి మీదికి తప్పులో కొంత వాటా తెచ్చిపెట్టగలదు. రోడ్డు మీద ముందుకు వెళ్లేవారు తమ దారికి ఎవరూ అడ్డు రారని కొంతవరకు నమ్ముకోవచ్చు. రెండు పక్కలా స్లాట్లు ఉన్న చోట ఆ నమ్మకానికి ఆధారం లేదు, ఏ కారు అయినా ఏ క్షణానైనా వెనక్కి రావచ్చని అందరూ అనుకునే నడపాలి.

జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2015 డిసెంబరు 15న ఇచ్చిన తీర్పు ఈ తేడా మీదే నిలబడింది. ఎదురెదురు స్లాట్లలోంచి రెండు కార్లు వెనక్కి వచ్చి తగులుకున్నాయి. ఒక డ్రైవరు తాను అప్పటికే ఆగిపోయానన్నారు. రివర్స్‌లో ఉన్నారు కాబట్టి తప్పు చేసినట్టే భావించాలన్న వాదనను న్యాయస్థానం ఒప్పుకోలేదు. పార్కింగ్ స్థలంలో వెనక్కి నడిపేవారి విధి ఏ క్షణంలోనైనా ఆగగలిగేలా నడపడం. తగలక ముందే ఆగిన డ్రైవరు ఆ విధిని నిర్వర్తించినట్టే. అందువల్ల తగిలిన క్షణంలో కారు ఆగి ఉండవచ్చన్న అవకాశాన్ని కొట్టిపారేయలేనప్పుడు, వెనక్కి వచ్చారన్న ఒక్క కారణంతో తప్పును ఊహించరాదు. ఇక్కడ ఒక మెలిక మాత్రం ఉంది. తప్పు రుజువు కాకపోయినా, వాహనం నడపడమే ఒక ముప్పు కాబట్టి ఆ ముప్పు లెక్కన కొంత వాటా భరించాల్సి రావచ్చని జర్మన్ చట్టం అంటుంది. మామూలు రోడ్డు మీదికి వెనక్కి వచ్చి తగిలినప్పుడు ఈ వెసులుబాటు అంత తేలికగా దొరకదు.

‘ఆగాను’ అన్న మాటకు ఇంత విలువ ఉండటం సమంజసమే, కానీ ఆగడాల్లో రకాలు ఉన్నాయి. స్లాట్‌లోంచి సగం బయటికి వచ్చి, దారిలో కారు వస్తోందని గమనించి, ఆగి, ఆ కారు వెళ్లిపోవడానికి చోటు ఉంచి నిలబడటం ఒక రకం. వెళ్తున్న కారు ముందుకు ఒక్కసారిగా దూసుకువచ్చి, తగలబోయే అరక్షణం ముందు బ్రేకు నొక్కడం ఇంకో రకం. రెండో సందర్భంలో కారు ఆగి ఉందన్నది అక్షరాలా నిజమే అయినా, ఎదుటివారికి తప్పించుకునే వ్యవధి ఇవ్వలేదు కాబట్టి ఆ నిజం పెద్దగా ఉపకరించదు. కాబట్టి ఆగారా లేదా అని అడిగి వదిలేస్తే సరిపోదు. ఎదుటివారు చూసి, అర్థం చేసుకుని, బ్రేకు వేయడానికి సరిపడేంత ముందు ఆగారా అన్నది తేల్చాలి.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. అక్కడ తప్పు నిర్ణయానికి ప్రభుత్వమే నియమావళి రాసి పెట్టింది, బీమా సంస్థలు దాన్నే పాటించాలి. స్లాట్‌లోంచి బయటికి వస్తూ, దారిలో వెళ్తున్న కారుకు దారి ఇవ్వకపోతే 100 శాతం తప్పు బయటికి వచ్చినవారిదే. పార్కింగ్ లోపలి చిన్న దారి నుంచి ప్రధాన దారిలోకి వస్తూ దారి ఇవ్వకపోయినా అంతే. నిలిపి ఉన్న కారును తగిలితే తగిలినవారిదే. వాతావరణం, చూపు ఆనడం, కారు మీద దెబ్బ ఎక్కడ పడింది వంటివి లెక్కలోకి తీసుకోవద్దని ఆ నియమావళే చెబుతుంది. రెండు కార్లూ వెనక్కి వస్తూ తగులుకున్నప్పుడు ఒక నియమం ప్రకారం చూస్తే ఒకరికి 100 శాతం తప్పు, మరో నియమం ప్రకారం చూస్తే అదే మనిషికి సున్నా వస్తుంది. అలాంటప్పుడు 50 శాతంగా లెక్కించాలని అందులోనే ఉంది. ఈ పద్ధతిలో వేగం ఉంది, నెలల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు నడపాల్సిన పని లేదు. కానీ మూడు సెకన్ల ముందు ఆగిన మనిషి, అసలు ఆగని మనిషి ఒకే గాటన పడే అవకాశమూ ఉంది. న్యాయం ఎక్కువ జరిగేది జర్మన్ పద్ధతిలోనే అనిపిస్తుంది. అయితే సాక్ష్యం ఉన్నప్పుడే ఆ మాట నిలుస్తుంది, లేకపోతే రెండు పద్ధతులూ తిరిగి తిరిగి సగం సగం దగ్గరికే చేరతాయి.

ఎదురెదురుగా రెండు కార్లు వెనక్కి వచ్చినప్పుడు సగం సగం అన్నది చాలా దేశాల్లో వాడుకలో ఉన్న తీర్మానమే. ఒకరు ముందుగా బయలుదేరి, చాలా భాగం బయటికి వచ్చేసి ఉంటే ఆ లెక్క మారవచ్చు. అవతలివారు వెనక్కి చూసి ఉంటే ఆ కారు కనబడి తీరేది. నిలిపి ఉన్న కారును తగిలిన సందర్భంలో చర్చకు పెద్దగా తావు లేదు. ఆ కారు గీత దాటి వంకరగా నిలిపి ఉన్నా సరే, కనబడుతున్న వస్తువును తగిలినవారు తప్పించుకోలేరు. ఈ తర్కం పాతదే. ముందరి కాళ్లకు బంధం వేసి దారిలో వదిలిన గాడిదను ఒక బండి తొక్కి చంపిన కేసులో, 1842లోనే ఒక ఇంగ్లండు న్యాయస్థానం గాడిద యజమాని పక్షాన నిలిచింది. గాడిదను అక్కడ వదలడం పొరపాటే అయినా, బండివాడు కాస్త నెమ్మదిగా వచ్చి ఉంటే తప్పించగలిగేవాడన్నది ఆ తీర్పు సారం. గాడిద స్థానంలో వంకరగా నిలిపిన కారును పెట్టి చూస్తే నేటికీ వాదన అదే. మలుపులో, లైట్లు లేని చోట, చూడటానికి వీలులేకుండా నిలిపితే మాత్రం నిలిపినవారికీ కొంత వాటా రావచ్చు.

ఇంతకీ ఎవరు ఆగారో, ఎవరు ముందు వచ్చారో ఎలా తేలుతుంది? కార్లే చాలావరకు చెబుతాయి. వెనక్కి వచ్చిన కారు బంపర్ మూల, వెళ్తున్న కారు తలుపుకో వెనుక చక్రం పైభాగానికో తగిలితే, వెళ్తున్న కారు అప్పటికే వెనుకనుంచి సగం దాటిపోయిందన్నమాట. వెనక్కి వచ్చినవారు చూసి ఉంటే అది కనబడేదే. దానికి విరుద్ధంగా, వెళ్తున్న కారు ముందు బంపర్ వచ్చి, వెనక్కి వచ్చిన కారు వెనుక తలుపు పక్కన తగిలితే, వెనక్కి వచ్చిన కారు అప్పటికే దారిలో బాగా లోపలికి వచ్చేసి ఉంది, వెళ్తున్నవారికి అది కనబడే అవకాశం ఉంది. గీతల పొడవు కూడా మాట్లాడుతుంది. రెండు తలుపుల మీదుగా సాగిన పొడవాటి గీత, ఆ తలుపుల కారు కదులుతూనే ఉందనడానికి గుర్తు. ఒకే చోట గుంట పడి గీత లేకపోతే, తలుపుల కారు దాదాపు ఆగి ఉన్నట్టు.

చక్రం మీద పడిన గుర్తులు మరీ పనికొచ్చేవి. బంపర్ వచ్చి చక్రానికి తగిలినప్పుడు చక్రం తిరగకుండా ఉంటే, టైరు పక్క గోడ మీదా రిమ్ము మీదా తిన్నని గీత గానీ ఒక్క నొక్కు గానీ పడుతుంది. చక్రం తిరుగుతూ ఉంటే రాపిడి వంపు తిరుగుతుంది, విల్లులాంటి గీతలు, కొన్నిసార్లు చక్రం చుట్టూ సాగిన మరక కనిపిస్తాయి. ‘నేను ఆగే ఉన్నాను’ అన్న మాటను ఒక వంపు గీత తోసిపుచ్చగలదు, ఒక తిన్నని గీత నిలబెట్టగలదు. కారు కడిగించిన మర్నాడు ఈ గుర్తుల్లో సగం ఉండవు. అయినా జనం చక్రాన్ని ఫొటో తీయడం అరుదు. సొట్టను పదిసార్లు దగ్గరి నుంచి తీస్తారు, రెండు కార్లూ ఏ కోణంలో, స్లాట్ గీతలకు ఎంత దూరంలో నిలిచి ఉన్నాయో చూపే దూరపు ఫొటో ఒక్కటీ ఉండదు. ‘దారికి అడ్డం’ అని కార్లు పక్కకు తీసిన మరుక్షణం ఆ సమాచారం తిరిగి రాకుండా పోతుంది. నిజానికి నష్టాన్ని అంచనా వేయడానికి బీమా సంస్థ పంపే సర్వేయరుకు కావలసింది ఆ దూరపు ఫొటోయే. సొట్టను ఆయన వర్క్‌షాపులో ఎలాగూ చూస్తారు.

సీసీ కెమెరా దృశ్యాలు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. అయితే అవి ఎప్పటికీ ఉండవు. చాలా వ్యవస్థల్లో కొత్త రికార్డింగ్ పాతదాని మీద పడిపోతూ ఉంటుంది, కొన్నిచోట్ల రోజుల్లోనే. పార్కింగ్ నిర్వాహకులు ఆ దృశ్యాలను ఒక వ్యక్తి చేతికి ఇవ్వడానికి సంకోచించవచ్చు. అలాంటప్పుడు తేదీ, సమయం, కెమెరా ఉన్న చోటు రాసి, దృశ్యాలను చెరపకుండా భద్రపరచమని అదే రోజు రాతపూర్వకంగా కోరితే, తరువాత బీమా సంస్థో న్యాయస్థానమో అడిగినప్పుడు అవి దొరుకుతాయి. డ్యాష్‌క్యామ్ ఉంటే వెళ్తున్న కారు వేగం కూడా తేలవచ్చు. అది తన యజమానికి వ్యతిరేకంగానూ పలకవచ్చు.

కారు వెనుక ఉండే రివర్స్ కెమెరా గురించి ఒక అపోహ ఉంది. అది ఉంటే పక్కనుంచి వచ్చే కారు కూడా కనబడుతుందని అనుకుంటారు. అమెరికాలో 2018 మే నుంచి కొత్త తేలికపాటి వాహనాలన్నిటికీ వెనుక కెమెరా తప్పనిసరి. ఆ నిబంధన కనీసంగా కోరేది కారు వెనుక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న ప్రాంతం కనబడాలని. కారు వెనుక నిలబడిన చిన్న పిల్లలను కాపాడటానికి పెట్టిన కొలత అది, పక్కనుంచి 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారును పట్టడానికి పెట్టింది కాదు. అందువల్ల ‘కెమెరాలో ఏమీ కనబడలేదు’ అన్నది సమర్థన కాబోదు. పైగా, కారు వెనుకే ఉన్న మనిషినో స్తంభాన్నో తగిలినప్పుడు, కెమెరా ఉండి కూడా చూడలేదన్న విషయం డ్రైవరుకు వ్యతిరేకంగానే పనిచేస్తుంది.

చాలా ఐరోపా దేశాల్లో కారులో ఉంచుకునే ఉమ్మడి ప్రమాద పత్రం ఈ సాక్ష్యాల సమస్యకు చక్కని విరుగుడు. ఇద్దరు డ్రైవర్లూ ఒకే కాగితం మీద, చెరో వైపు నింపుతారు. మధ్యలో 17 గడులు ఉంటాయి. మొదటిది ఆగి గానీ నిలిపి గానీ ఉన్నామని చెప్పడానికి, రెండోది పార్కింగ్ నుంచి బయటికి వస్తున్నామని, 14వది వెనక్కి నడుపుతున్నామని. టిక్కు పెట్టిన గడుల సంఖ్యను కింద రాయాలి, తరువాత ఎవరూ చడీచప్పుడు లేకుండా ఇంకో టిక్కు పెట్టకుండా. బొమ్మ గీయాలి, ఇద్దరూ సంతకం చేయాలి. ఫ్రాన్స్‌లో బీమా సంస్థలు ఆ గడులను బట్టే తమ మధ్య లెక్క తేల్చుకుంటాయి. 14వ గడిలో టిక్కు పెట్టి, తాను ఆగి ఉన్నానన్న సంగతిని ఎక్కడా రాయకుండా సంతకం చేసినవారు ఆ తరువాత ఎంత వాదించినా గట్టెక్కడం కష్టం. అలాంటి పత్రం వాడుకలో లేని చోట్ల కూడా అదే పని తెల్లకాగితం మీద చేయవచ్చు: ఇద్దరి పేర్లు, వాహనాల నంబర్లు, పాలసీ వివరాలు, బొమ్మ, సమయం, చూసినవారి ఫోన్ నంబరు.

ఆ కాగితంలో రాయకూడనిది ఒకటి ఉంది: ‘తప్పు నాదే, ఖర్చు నేను భరిస్తాను’. జరిగింది జరిగినట్టు చెప్పడం వేరు, బాధ్యత ఒప్పుకోవడం వేరు. సంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు బాధ్యతను అంగీకరించరాదు, ఎవరికీ చెల్లింపు హామీ ఇవ్వరాదు అన్న షరతు మోటారు పాలసీల్లో సాధారణంగా ఉంటుంది. కంగారులో వచ్చిన ‘సారీ’ అన్న ఒక్క మాటను బీమా సంస్థలు తప్పు ఒప్పుకోలుగా లెక్కించడం అరుదు, కానీ సంతకంతో ఉన్న ఒప్పుకోలు అలా కాదు. ఎదుటి మనిషి బాగున్నారా అని అడగడానికి ఏ షరతూ అడ్డు రాదు, అడగాలి కూడా.

తప్పు ఎంతో తేలాక, ఎవరు చెల్లించాలన్నది ఆయా చోట్ల చట్టం ఏ లెక్క పాటిస్తుందో దాని మీద ఆధారపడుతుంది. బ్రిటన్‌లో 1945 నాటి చట్టం ప్రకారం ఇద్దరి నిర్లక్ష్యమూ కలిసినప్పుడు ఎవరి వాటా మేరకు వారికి పరిహారం తగ్గుతుంది. ఒక కారుకు 100 వంతుల నష్టం జరిగి, దాని డ్రైవరు తప్పు 30 శాతమని తేలితే, అవతలి బీమా సంస్థ నుంచి 70 వంతులు వస్తాయి. అమెరికాలో కాలిఫోర్నియా 1975 నుంచి ఇదే దారిలో ఉంది. అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియాల్లో మాత్రం పాత నియమమే నిలిచి ఉంది. నష్టపోయినవారి తప్పు కొద్దిపాటిదని తేలినా అవతలివారి నుంచి పరిహారం పూర్తిగా పోవచ్చు. ఇంకా చాలా రాష్ట్రాల్లో, కొన్నిచోట్ల తప్పు సగానికి చేరితే, మరికొన్నిచోట్ల సగం దాటితే హక్కు పోతుంది. సగానికి చేరితేనే హక్కు పోయే చోట, సగం సగం అన్న తీర్మానం పైకి రాజీలా కనబడినా, ఇద్దరినీ ఉత్త చేతులతో పంపేయగలదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. తప్పు ఎవరిదన్నది, తన కారు బాగుచేయించుకోవడానికి డబ్బు ఎవరు ఇస్తారన్నది వేర్వేరు ప్రశ్నలు. సమగ్ర (కాంప్రహెన్సివ్) పాలసీ ఉన్నవారికి తప్పు తమదైనా, కాకపోయినా సొంత సంస్థే మరమ్మతు చేయిస్తుంది. పాలసీదారు తన మొదటి వాటాగా డిడక్టిబుల్ చెల్లిస్తారు. ఆ తరువాత తప్పు అవతలివారిదని తేలితే, సంస్థ ఆ ఖర్చును అవతలి సంస్థ నుంచి రాబట్టుకునే ప్రయత్నం చేస్తుంది, డిడక్టిబుల్ కూడా వెనక్కి రావచ్చు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. అవతలివారి తప్పు రుజువైతేనే తమ కారు మరమ్మతుకు డబ్బు వస్తుంది. కాబట్టి ఒకే ప్రమాదంలో, ఒకే సాక్ష్యం ఒక డ్రైవరుకు వచ్చే ఏడాది ప్రీమియం విషయం, మరొకరికి మొత్తం మరమ్మతు ఖర్చు విషయం.

కొన్ని దేశాల్లో బీమా సంస్థలు తమలో తాము ఒప్పందం చేసుకుని, ఎవరి పాలసీదారు కారును వారే బాగుచేయించి, ఒకరి మీద ఒకరు దావాలకు వెళ్లకుండా ఊరుకుంటాయి. సంస్థలకు అది ఖర్చు తగ్గించే పద్ధతి. పాలసీదారుకు మాత్రం, తప్పు తనది కాకపోయినా రికార్డులో ఒక క్లెయిమ్ మిగులుతుంది. నో క్లెయిమ్ బోనస్ అసలు సంగతి ఆ పేరులోనే ఉంది: అది తప్పు చేయనందుకు ఇచ్చే బోనస్ కాదు, క్లెయిమ్ చేయనందుకు ఇచ్చేది. ఉదాహరణకు భారతదేశంలో అది సొంత నష్టం ప్రీమియంపై 20 శాతం తగ్గింపుతో మొదలై అయిదేళ్లకు 50 శాతం దాకా పెరుగుతుంది. ఒక్క బంపర్ క్లెయిమ్‌తో 50 శాతం పోతే, ఆ తరువాతి ఏళ్లలో అదనంగా కట్టే ప్రీమియం మరమ్మతు ఖర్చును మించిపోవచ్చు. అందువల్ల మరమ్మతు అంచనా, డిడక్టిబుల్, పోయే బోనస్ మూడూ ఒక కాగితం మీద వేసి చూడకుండా క్లెయిమ్ ఫారం నింపడం తొందరపాటే అవుతుంది. అయితే క్లెయిమ్ చేయకపోవడం వేరు, సంస్థకు చెప్పకపోవడం వేరు. అవతలివారు నెల తరువాత దావా వేస్తే, ప్రమాదం సంగతి సమయానికి తెలియజేయలేదన్న కారణం పాలసీదారుకు ఎదురుతిరుగుతుంది.

ప్రమాదం జరిగింది ప్రైవేటు స్థలంలో కాబట్టి బీమా వర్తించదన్న అనుమానం కూడా తరచుగా వినిపిస్తుంది. దీనికి ఒకప్పుడు ఆధారం ఉండేది. కారు పార్కింగ్ సాధారణంగా ‘రోడ్డు’ కిందికి రాదని 1998లో, అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) న్యాయవిభాగం తేల్చింది. అప్పటి చట్టం రోడ్డు మీద వాడకానికే బీమా తప్పనిసరి చేసింది కాబట్టి పార్కింగ్‌లో గాయపడినవారికి దిక్కులేకుండా పోయే పరిస్థితి వచ్చింది. 2000లో ‘ఇతర బహిరంగ స్థలం’ అన్న మాట చేర్చి ఆ లోటు పూడ్చారు. ఐరోపా న్యాయస్థానం 2014లో ఇంకో అడుగు ముందుకు వేసింది. స్లొవేనియాలో ఒక పొలం ఆవరణలో ట్రెయిలర్‌తో వెనక్కి వచ్చిన ట్రాక్టరు నిచ్చెనకు తగిలి, దాని మీద ఉన్న మనిషి కింద పడ్డ కేసు అది. వాహనాన్ని దాని మామూలు పనికి వాడుతుండగా జరిగితే, స్థలం ఎవరిదైనా తప్పనిసరి బీమా వర్తిస్తుందని ఆ న్యాయస్థానం చెప్పింది. భారత మోటారు వాహనాల చట్టం ప్రజలకు ప్రవేశ హక్కు ఉన్న ప్రతి చోటునూ, అది రహదారి అయినా కాకపోయినా, బహిరంగ స్థలంగానే నిర్వచిస్తుంది. పార్కింగ్ గోడ మీద ‘ఇక్కడ నిలిపిన వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని రాసి ఉన్న బోర్డు యాజమాన్యానికీ కారు యజమానికీ మధ్య సంగతి. ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు బాకీపడ్డ బాధ్యతను అది తాకలేదు.

చివరికి, ఇద్దరూ అక్కడికక్కడే డబ్బు ఇచ్చిపుచ్చుకుని వెళ్లిపోవాలనుకునే సందర్భం ఒకటి మిగులుతుంది. చిన్న గీతల విషయంలో అది అందరికీ మేలైనదే. కానీ నేటి బంపర్ ప్లాస్టిక్ తొడుగు. తగిలినప్పుడు లోపలికి వెళ్లి, మళ్లీ దాదాపు మునుపటి ఆకారానికి వచ్చేస్తుంది. దాని వెనుక ఉన్న నురుగు దిమ్మె నలిగిపోయి ఉండవచ్చు, అడ్డదూలం వంగి ఉండవచ్చు, పార్కింగ్ సెన్సర్ పట్టు సడలి ఉండవచ్చు, పక్క వాహనాలను కనిపెట్టే రాడార్ దిశ కొద్దిగా మారి ఉండవచ్చు. పైకి వేలెడు గీత కనిపిస్తున్నా లోపలి మరమ్మతు దానికి ఎన్నో రెట్లు కావచ్చు. ‘పూర్తి పరిష్కారంగా స్వీకరించాను’ అని రాసి సంతకం చేసి డబ్బు తీసుకున్నవారు, రెండు రోజుల తరువాత వర్క్‌షాపులో బంపర్ విప్పి చూశాక బయటపడిన నష్టాన్ని అవతలివారి నుంచి గానీ, వారి బీమా సంస్థ నుంచి గానీ అడగలేరు. పైగా అవతలివారి నుంచి రాబట్టుకునే హక్కును తామే వదులుకున్నారన్న కారణంతో సొంత సంస్థ కూడా అభ్యంతరం చెప్పవచ్చు. అక్కడికక్కడే తేల్చుకోక తప్పదనుకుంటే, ఇచ్చిన మొత్తం పైకి కనబడుతున్న నష్టానికేననీ, బంపర్ విప్పి చూశాక తేలేది వేరే లెక్క అనీ ఒక వాక్యం ఆ కాగితంలో చేర్చి, ఇద్దరూ దాని కింద సంతకం చేయాలి.